అమ్మీ గదిలో గుల్-ఎ-బకావలి

మొన్న ముసురు పట్టిన రాత్రి మా ఇంట్లో పువ్వు పూసింది. ఇషా అయ్యింది. దస్తర్‌ఖాన్ ఎత్తేసి గిన్నెలు సర్దుతున్నాను. అమ్మీ తన గదిలోంచి కేకేసింది. "ఖుష్బూ ఆరీ బేటీ, ఖిల్రా దేఖ్!" చెయ్యి తుడుచుకుంటూ వెళ్ళి చూశాను. మొగ్గ కొస ఇంకా చిటికెన వేలు పట్టేంతే తెరుచుకుంది. నా ముక్కుకి ఏ వాసనా తగల్లేదు. కళ్ళు బాగున్న నాకంటే ముందు, చూపు సగానికి పైగా పోయిన అమ్మీకి తెలిసిపోయింది.

ఈ పువ్వు గురించి రాయాలని రెండేళ్ళుగా అనుకుంటున్నాను. రాయాలంటే నేను చేసిన ఒక గల్తీ కూడా ఒప్పుకోవాలి. అందుకే చెయ్యి ఆడలేదు. ఇప్పుడు అమ్మీయే "లిఖ్ దే, కిసీకీ ఆంఖ్ బచ్ జాయేగీ" అంది. ఆమె ఇజాజత్‌తోనే రాస్తున్నాను.

మాది ఘంటసాల. బౌద్ధ స్తూపం చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చే ఊరు. మాకూ పక్కింటి అత్తయ్యకీ మధ్య ఒకటే ప్రహరీ గోడ. అమ్మీ, ఆవిడ ఒకరినొకరు "వదినా" అని పిలుచుకుంటారు. రంజాన్‌లో మా షీర్‌ఖుర్మా గోడ దాటితే, సంక్రాంతికి వాళ్ళ అరిసెలు ఇటు వస్తాయి. ఆరేళ్ళ కింద ఒకరోజు ఆ గోడ మీదుగానే అత్తయ్య ఒక ఆకు అందించింది. "బ్రహ్మకమలం వదినా. ఏడాదికోసారి పూస్తుంది. పెట్టుకో" అంది.

అమ్మీ దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసి, "యే తో గుల్-ఎ-బకావలి హై!" అంది. చిన్నప్పుడు బందరులో మా నానీ ఇంట్లో ఉండేదట. నర్సరీలో అడిగితే ఆర్కిడ్ కాక్టస్ అన్నారు. ఒక్క ఆకుకి మూడు పేర్లు. ఆ పేర్లలో ఒకటి మమ్మల్ని ఎంత దూరం తీసుకెళ్తుందో అప్పుడు తెలియదు.

ముందు దాని హకీకత్ చెప్తాను. అది బ్రహ్మకమలం కాదు. అసలు బ్రహ్మకమలం హిమాలయాల్లో, మంచు కొండల ఎత్తుల్లో పూస్తుంది. ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం అదే. మన ఇళ్ళల్లో రాత్రిపూట పూసేది కాక్టస్ జాతి మొక్క. సొంత ఊరు మెక్సికో దక్షిణాన, గ్వాటెమాలా వైపు అడవులు. కేరళ వాళ్ళు నిశాగంధి అంటారు. తిరువనంతపురంలో ఆ పేరుతో పెద్ద ఆరుబయలు నాట్యవేదిక కూడా ఉంది. కాక్టస్ అంటే మనకి ఎడారి, ముళ్ళు, మండుటెండ గుర్తొస్తాయి. ఇది ఆ కాక్టస్ కాదు. అడవిలో పెద్ద చెట్ల కొమ్మల మీద, కుళ్ళిన ఆకులు పేరుకున్న సందుల్లో వేళ్ళు పెట్టుకుని బతుకుతుంది. చెట్టు రసం తాగదు. నిలబడ్డానికి చోటు మాత్రం అడుగుతుంది. చెట్టింటికి వచ్చిన మెహమాన్ అనుకోండి.

మనం ఆకు అనుకునేది కూడా ఆకు కాదు. పల్చబడి పచ్చగా మారిన కాడ. దాని అంచుల్లో చిన్న చిన్న గాట్లు ఉంటాయి. మొగ్గ వచ్చేది ఆ గాట్లలోంచే. అందుకే ఆకు మీద పువ్వు పూసిందని అందరూ ఆశ్చర్యపోతారు.

ఇదంతా తెలియకముందు నేను చేసిన మొదటి పని, చేలోంచి తట్టెడు నల్లరేగడి తెచ్చి కుండీ నింపడం. వరి తర్వాత మినుము పండించే మట్టి కదా, దీనికేం తక్కువ అనుకున్నాను. వానలు మొదలయ్యాయి. రేగడి నీళ్ళు పట్టుకుంది, వదల్లేదు. నెల తిరిగేసరికి మొదలు నల్లబడి మెత్తగా అయ్యింది. లాగితే వేళ్ళు లేకుండా చేతిలోకి వచ్చింది. అత్తయ్య ఏమీ అనలేదు. మరుసటి ఏడు ఇంకో ముక్క ఇచ్చింది.

ఈసారి అడిగి, చదివి, నెమ్మదిగా చేశాను. జానెడు ముక్క కోసి వెంటనే నాటలేదు. కోసిన చోటు ఆరి పక్కు కట్టేదాకా వారం రోజులు నీడలో పెట్టాను. పచ్చి గాయంతో నాటితే కుళ్ళు పడుతుంది. మన దగ్గర కొబ్బరి పీచుకి కరువు లేదు. దాన్ని రెండుమూడు సార్లు నీళ్ళలో నానబెట్టి పిండాను, అందులోని ఉప్పు పోవడానికి. రెండు పాళ్ళు పీచూ ఆకుల ఎరువూ, ఒక పాలు చిన్న ఇటుక ముక్కలు, ఒక పాలు కట్టెబొగ్గు. కుండీ అడుగున చిల్లు మూసుకోకుండా పెంకు ముక్క. నీళ్ళు పోస్తే పైన నిలవకుండా కిందికి దిగిపోవాలి. అదే దీని మొదటి షరతు. కుండీ కూడా చిన్నదే. వేళ్ళు కాస్త ఇరుకుగా ఉంటేనే ఇది పూతకి వస్తుంది. పెద్ద కుండీ ఇస్తే కాడలు పెంచుకుంటూ కూర్చుంటుంది.

మూడు వర్షాకాలాలు సబర్ పట్టాము. మధ్యలో సెలవులకి వచ్చిన మా భాయ్ కొడుకు, చేనుకి తెచ్చిన యూరియా గుప్పెడు వేసేశాడు. మొక్క నిగనిగలాడింది, మనిషెత్తు కాడలు లేచాయి, పువ్వు మాత్రం లేదు. నత్రజని ఎక్కువైతే అంతేనట. ఆ పై ఏడు వానల్లో మూడు మొగ్గలు కనిపించాయి. అంటే, రెండేళ్ళ కిందటి మాట.

ఇక గల్తీ సంగతి.

గుల్-ఎ-బకావలి దాస్తాన్ మన ఇళ్ళల్లో తెలియని వాళ్ళు తక్కువ. బాద్‌షా జైనుల్ ములూక్ తన చిన్న కొడుకుని చూసిన క్షణంలో బీనాయీ పోగొట్టుకుంటాడు. పరీ బకావలి తోటలో ఉన్న పువ్వు తెచ్చి కళ్ళకి తాకిస్తే తప్ప చూపు రాదంటారు హకీములు. చిన్న షహజాదా తాజుల్ ములూక్ ఎన్నో కష్టాలు పడి ఆ పువ్వు తెస్తాడు. ఈ కిస్సా ఫార్సీలో ఉండేది. 19వ శతాబ్దం మొదట్లో నిహాల్ చంద్ లాహోరీ కలకత్తా ఫోర్ట్ విలియం కాలేజీ కోసం దాన్ని ఉర్దూ వచనంలో రాశాడు. తర్వాత లక్నోలో పండిత్ దయాశంకర్ నసీమ్ 'గుల్జార్-ఎ-నసీమ్' పేరుతో మస్నవీగా కట్టాడు. తెలుగువాళ్ళకి 1962లో ఎన్టీ రామారావు 'గులేబకావళి కథ'తో దగ్గరైంది. సి. నారాయణరెడ్డి సినిమా పాటలు మొదలుపెట్టింది దాంతోనే. మా ఊరి పేరు ఇంటిపేరుగా ఉన్న ఘంటసాల వెంకటేశ్వరరావు గొంతు అందులో వినిపిస్తుంది. ఆయన పుట్టింది గుడివాడ దగ్గర చౌటపల్లిలో. ఆ పాటలు రేడియోలో వస్తే మా అబ్బా బీడీ ఆర్పేసి వినేవారు.

కాబట్టి గుల్-ఎ-బకావలి అంటే కళ్ళ దవా అనే మాట మా ఇంట్లో కథగా, పాటగా, నానీ నోటి మాటగా ముందే ఉంది.

ఆ ఏడే అమ్మీ గడపలకి తగులుకోవడం మొదలైంది. పక్కన పెట్టిన చాయ్ కప్పు చేత్తో కొట్టేసేది. బద్నా ఎక్కడుందో తడుముకునేది. అయితే ఎదురుగా ఉన్నది బాగానే కనిపించేది. కళ్ళజోడు పెట్టుకుని ఖురాన్ చదువుకునేది. సూదిలో దారం కూడా ఎక్కించేది. "ఉమర్ హో గయీ, పరధ్యానం" అనుకున్నాం. మోతియాబింద్ అయి ఉంటుంది, బర్సాత్ తగ్గాక ఆపరేషన్ చేయిద్దాంలే అనుకున్నాం.

మొదటి పువ్వు పూసిన వారానికి వరసకి ఖాలా అయ్యే ఒకామె చూడ్డానికొచ్చింది. మొక్కని చూసి "ఇంట్లో గుల్-ఎ-బకావలి పెట్టుకుని హాస్పిటల్ ఎందుకే? రేకులు గులాబ్‌జల్‌లో నానబెట్టి పిండి రెండు చుక్కలు వెయ్యి" అంది. ఆమె నియ్యత్‌లో ఖోట్ లేదు. ప్రేమతోనే చెప్పింది. వినాల్సిన అవసరం నాకు లేదు. నేను టీచర్ని. పిల్లలకి సైన్స్ చెప్పేదాన్ని. అయినా రెండో పువ్వు కోసింది నేను. పల్చటి గుడ్డలో పిండి, చిన్న సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టింది నేను. మూడో పువ్వునీ అలాగే చేశాను. మంటగా ఉందని అమ్మీ అంటే "అసర్ చేస్తోంది అమ్మీ" అన్నది కూడా నేనే.

రెండు నెలలు అలా గడిచాయి. ఒకరోజు సంధ్యవేళ వరండా మెట్టు కనిపించక అమ్మీ పడిపోయింది. మణికట్టు వాచింది. అప్పుడు చల్లపల్లి మీదుగా విజయవాడ తీసుకెళ్ళాం. కంటి డాక్టరమ్మ కంట్లో ప్రెషర్ కొలిచింది, లోపల నరం చూసింది, చుట్టూ మెరిసే చుక్కలు కనిపిస్తే బటన్ నొక్కమనే పరీక్ష చేయించింది. మోతియా కాదు, కాలా మోతియా అంది. గ్లాకోమా.

మాకు అర్థమయ్యేలా డెల్టా మాటల్లోనే చెప్పింది. "మీ వైపు మురుగు కాలవ పూడితే చేను మునుగుతుంది కదా. కంట్లో కూడా నీరు ఊరుతూ బయటికి పోతూ ఉండాలి. పోయే దారి సరిగ్గా లేకపోతే ఒత్తిడి పెరిగి నరం నలిగిపోతుంది. ముందు పక్క చూపు పోతుంది. ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి చాలామందికి తెలియదు." సఫేద్ మోతియా అయితే ఆపరేషన్‌తో రోష్నీ తిరిగి వస్తుంది. కాలా మోతియాలో పోయినది తిరిగి రాదు. మిగిలింది కాపాడుకోవడమే ఇలాజ్.

కుడి కన్ను దాదాపు పోయింది. ఎడమ కంట్లో మధ్యలో కిటికీ అంత చూపు మిగిలింది.

పువ్వు చుక్కల సంగతి తల వంచుకుని చెప్పాను. డాక్టరమ్మ తిట్టలేదు. "ఆ రసం వల్ల నరం పోలేదు. ఇన్ఫెక్షన్ రాకపోవడం మీ అదృష్టం. పోయింది టైమ్" అంది. ఆ ఒక్క ముక్క నాకు ఇప్పటికీ ముల్లు. రెండు నెలల ముందే వెళ్ళి ఉంటే ఎంత మిగిలేదో ఎవరూ కొలిచి చెప్పలేరు. కొలిచి చెప్పలేనిదే ఎక్కువ బాధ.

కథలోని పువ్వు ఏది అన్నది కూడా తర్వాత వెతికాను. అమరకంటక్ వైపు నీటి ఒడ్డున పెరిగే తెల్లటి పువ్వునీ గుల్-ఎ-బకావలి అంటారు. అది అల్లం కుటుంబం మొక్క. మా కిటికీ దగ్గరున్నది సముద్రాలు దాటి వచ్చిన కాక్టస్. పేరు ఒకటే, రిష్తా లేదు. కథలో షహజాదా తెచ్చిన పువ్వు కథలోనే ఉంది. దాన్ని నేను కుండీలో వెతికాను.

ఆ రాత్రి ఇంటికొచ్చి సీసా పారబోశాను. కుండీ కూడా ఎత్తి గోడ అవతల పెట్టబోతుంటే అమ్మీ ఆపింది. "ఇస్కా క్యా ఖసూర్? అది పువ్వునని చెప్పింది గానీ దవానని చెప్పిందా?" అంది. కాసేపాగి, "మెట్లు దిగి చూడలేను. నా కమ్రాలో పెట్టు" అంది.

అలా అది ఇంటి లోపలికి వచ్చింది.

లోపల పెంచడం వేరే సబక్. అమ్మీ గదికి తూర్పు కిటికీ ఉంది. పొద్దున తొమ్మిది దాకా మెత్తటి ఎండ, ఆ తర్వాత వెలుతురు మాత్రమే. దీనికి అది చాలు. మధ్యాహ్నం ఎండ నేరుగా తగిలితే కాడలు ఎర్రబడి మచ్చలు పడతాయి. మరీ చీకట్లో పెడితే సన్నగా సాగుతాయి, పూత రాదు. పోయినేడు మూడు మొగ్గలు వేసింది. వెలుతురు ఇంకా బాగా పడుతుందని నేను కుండీని హాల్లోకి మార్చాను, రెండు రోజులకి మళ్ళీ గదిలోకి తెచ్చాను. మూడూ పసుపుపచ్చగా మారి రాలిపోయాయి. మొగ్గ వేశాక చోటు మార్చకూడదు, తిప్పకూడదు, ఫ్యాను గాలి సూటిగా తగలకూడదు, నీళ్ళు ఒకసారి ఎండగట్టి ఒకసారి ముంచకూడదు. అమ్మీ నవ్వి, "నాలాగే, దీనికీ సామాను జరిపితే కుదరదు" అంది. నిజమే. ఆమె గదిలో మంచం, కుర్చీ, బద్నా, జానమాజ్, అన్నీ ఏ చోటివి ఆ చోటే ఉండాలి. కుండీ కూడా ఆ లెక్కలో చేరింది.

నీళ్ళ గొడవ ఒకటి. మా బోరు నీళ్ళు కాస్త ఉప్పన. కుండీ అంచున తెల్లటి పొర కట్టింది, కాడల కొసలు మాడాయి. ఇప్పుడు వాన నీళ్ళు డ్రమ్ముల్లో పట్టి దీనికి దాచుతున్నాను. పై మట్టి వేలు పెట్టి చూస్తే ఆరినట్టుంటేనే పోస్తాను. వానల్లో వారానికి ఒకసారి, వేసవిలో రెండు మూడుసార్లు, చలికాలంలో బాగా తగ్గించి. చలికాలంలో కాస్త పస్తు పెడితేనే తర్వాత పూతకొస్తుంది. మాఘం దాటాక గుప్పెడు వర్మీకంపోస్ట్. యూరియా ఊసే లేదు. కాడల సందుల్లో దూదిలా పిండినల్లి కనిపిస్తే తడి గుడ్డతో తుడిచేస్తాను.

ఇదంతా ఎప్పుడు చేస్తానంటే, అమ్మీ కంటి చుక్కల టైమ్‌కి. ఫజర్ తర్వాత ఒకసారి, ఇషా తర్వాత ఒకసారి. చుక్క వేసి, కంటి మూల దగ్గర వేలితో మెల్లగా నొక్కి, రెండు నిమిషాలు కళ్ళు మూసుకోమని డాక్టరమ్మ నేర్పింది. ఆ రెండు నిమిషాలు అమ్మీ తస్బీ తిప్పుకుంటుంది, నేను మట్టి వేలు పెట్టి చూస్తాను. రెండేళ్ళలో ఒక్క పూట నాగా లేదు. పోయిన నెల చెకప్‌లో మిగిలిన చూపు అలాగే నిలబడి ఉందన్నారు. పెరగలేదు. తగ్గలేదు. ఆ రోజు బస్సులో అమ్మీ పక్కన కూర్చుని నేను చేసినంత షుక్ర్ ఎప్పుడూ చేయలేదు.

ఈ ఏడు ఒక్కటే మొగ్గ. ముందు బియ్యపుగింజంత, తర్వాత వారం వారం సాగింది. మూడు వారాలు దాటాక మెడ వంచి కిందికి వేలాడి, కొస మాత్రం పైకి ఎత్తింది. అచ్చం మన వుజూ బద్నా మూతిలా. మెడ అలా లేచి మొగ్గ ఉబ్బితే ఆ రాత్రికి పూస్తుందని గుర్తు. అమ్మీ రోజూ వేళ్ళతో తడిమి ఎక్కడిదాకా వచ్చిందో చెప్పేది. ఆ రోజు అసర్ తర్వాత తడిమి "ఆజ్" అంది.

తొమ్మిదిన్నరకి సగం విచ్చుకుంది. గోడ మీదుగా అత్తయ్యని పిలిచాను. తల తడుస్తున్నా కొంగు కప్పుకుని వచ్చింది, వెనక మనవరాళ్ళు. అత్తయ్య చేతిలో అగరొత్తి ఉంది. గుమ్మం దగ్గర ఆగి, "వదినా, ఇది నీ గది. ఓ దణ్ణం పెట్టుకోవచ్చా?" అంది. అమ్మీ, "మొక్క నీది, చోటు నాది. నీ దణ్ణం నువ్వు పెట్టుకో, నా షుక్ర్ నేను చేసుకుంటా. కానీ ఆ అగరొత్తి బయట పెట్టు వదినా, ఖుష్బూ కలిసిపోతుంది" అంది. అత్తయ్య నవ్వి దాన్ని వరండాలో గుచ్చి వచ్చింది. పిల్లలు ఫోన్లలో ఫొటోలు తీశారు. అత్తయ్య చేతులు జోడించింది. అమ్మీ మంచం మీద కూర్చుని కళ్ళు మూసుకుంది.

పదకొండు దాటాక పూర్తిగా తెరుచుకుంది. చెయ్యంత పువ్వు. తెల్లటి రేకుల లోపల సన్నటి కేసరాలు, మధ్యలో నక్షత్రంలా విచ్చుకున్న కొస. సొంత అడవిలో అయితే రాత్రి తిరిగే పెద్ద చిమ్మటలు వచ్చేవి. వాటి కోసమే అంత తెలుపు, అంత వాసన. మా గదిలో ఆ పని చేసేవాళ్ళు లేరు. మేమే ఉన్నాం.

అమ్మీ ముఖాన్ని పువ్వుకి దగ్గరగా తెచ్చుకుంది. ఎడమ కన్ను ఎదురుగా పెట్టి, తల కాస్త అటూ ఇటూ తిప్పి, ఒక్కో రేకునీ తనకి మిగిలిన ఆ కిటికీలోంచి చూసింది. చాలాసేపు పట్టింది. ఎవరం మాట్లాడలేదు. "సఫేద్ హై" అంది చివరికి. "మా అమ్మీ ఇంట్లో ఉన్నదీ ఇదే."

నేను తహజ్జుద్ వేళకి లేచి చూస్తే ఇంకా తెరిచే ఉంది. ఫజర్ అజాన్‌కి రేకులు మూసుకుని మెడ వాలిపోయింది. అమ్మీ వేలితో తడిమి "జా చుకా" అని, "చుక్కలు తే" అంది. తెచ్చాను. కుడి కంట్లో ఒకటి, ఎడమ కంట్లో ఒకటి. ఆమె తస్బీ తీసుకుంది. నేను వాడిన పువ్వుని కోసి, ఈసారి దేనికీ వాడకుండా, కుండీ మట్టి మీదే పెట్టాను.

మీ ఇంట్లో ఈ మొక్క ఉంటే ముక్క అడిగిన వాళ్ళకి ఇవ్వండి. మా దగ్గరికి అలాగే వచ్చింది. దాంతోపాటు ఒక మాట కూడా ఇవ్వండి. అమ్మీకో అబ్బాకో కాలా మోతియా ఉంటే పిల్లలకి వచ్చే ఖత్రా మామూలు వాళ్ళకంటే ఎక్కువ. నలభై దాటిన వాళ్ళు కళ్ళజోడు నంబర్‌తో సరిపెట్టుకోకుండా కంటి ప్రెషర్, నరం కూడా చూపించుకోవాలి. నేను చూపించుకున్నాను. ప్రస్తుతానికి ఖైరియత్. భాయ్‌కి హైదరాబాద్‌కి నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఇంకా వెళ్ళలేదు. ఇది చదివాకైనా వెళ్తాడని ఉమ్మీద్.